చించుటయా, కత్తిరించుటయా?

పాతబట్టలను పొరలు పొరలుగా పేర్చి, వానిపై రంగురంగుల గుడ్డముక్కలను అమర్చి, అన్నిటిని కలిపి దగ్గర దగ్గరగా కుట్టిన పక్కకు బొంత యని పేరు. ఒకప్పుడు మన పల్లెలలో బొంత లేని యిల్లు అరుదు. చలికాలమున కప్పుకొనుటకును, మంచముపై పరచుకొనుటకును, పసిబిడ్డను పరుండబెట్టుటకును అదియే సాధనము. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుబట్టకు ఉండు మృదుత్వము కొత్తబట్టకు రాదు. అందుచేతనే పసిబిడ్డల పక్కలకు పాతచీరలను ఏరి దాచి యుంచెడివారు.

ఈ పని తెలుగునాటికే పరిమితమైనది కాదు. బొంతను సంస్కృతమున కంథ యందురు. బంగాళమున పాతచీరలతోను ధోవతులతోను కుట్టు పక్కలకు నేటికిని కాంథా యనియే పేరు. మహారాష్ట్రులు దీనిని గోధడి యందురు. కన్నడిగులు కౌది యందురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు బొంతను అంచునుండి మొదలుపెట్టి చుట్టును కుట్టుకొనుచు నడిమికి వత్తురు. మూలలయందు మడతపెట్టిన చిన్నగుడ్డలను పువ్వులవలె అమర్చుదురు.

బౌద్ధుల వినయపిటకమున ఒక ముచ్చట కలదు. బుద్ధుడు దక్షిణగిరికి పోవుచు, గట్లచే మడులు మడులుగా విభజింపబడిన మగధదేశపు పొలములను చూచి, భిక్షువుల చీవరములను ఆ రూపమున కూర్పగలవా యని ఆనందుని అడిగెను. ఆనందుడు ముక్కలను చేర్చి యట్లే కుట్టి చూపెను. ముక్కలుగా ఖండించి కుట్టిన వస్త్రమును దొంగలు ఆశింపరు. సన్న్యాసికి అది తగియుండును.

సముద్రములకు ఆవల, అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను చిన్న గ్రామము కలదు. అచటి నల్లజాతి స్త్రీలు పొలముపనులలో అరిగిపోయిన బట్టలతో తరతరములుగా బొంతలు కుట్టుచు వచ్చిరి. ఆ బొంతలు 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలకు ఎక్కెను. 2006లో ఆ దేశపు తపాలాశాఖవారు వాని బొమ్మలతో తపాలాబిళ్లలను వెలువరించిరి.

ఏ దేశమందైనను బొంత కుట్టబోవువారి యెదుట మొట్టమొదట నిలుచు ప్రశ్న యొకటి కలదు. పెద్దబట్టను ముక్కలు చేయుట యెట్లు? చేతులతో చించుటయా, కత్తెరతో కత్తిరించుటయా? ఒక పల్లెలో ఒక అమ్మమ్మకును మనుమరాలికిని ఈ విషయమున వాదము వచ్చినది. ఆ వాదము ముగిసిన తీరు తెలిసికొనదగినది.

కృష్ణాతీరమునందలి యొక పల్లెలో ఒక వృద్ధురాలు ఇద్దరు మనుమరాండ్రతో నివసించుచుండెను. వారి తల్లి, ఆ వృద్ధురాలి ఏకైక పుత్రిక, ఆరు సంవత్సరముల క్రిందట జబ్బుచేసి మరణించెను. పెద్ద మనుమరాలికి వివాహమై, తొలికాన్పునకై అమ్మమ్మ యింటికి వచ్చియుండెను. శ్రావణమాసమున కాన్పు రావలసియుండెను. చిన్నది ఎనిమిదవ తరగతికి వచ్చినది. బడిలో కుట్టుపని నేర్చుకొనుచుండుటచే కత్తెర పట్టుట యన్నచో ఆమెకు మిక్కిలి ఉత్సాహము.

వేసవి సెలవులలో ఒకనాటి ఉదయమున వృద్ధురాలు అరుగుమీద కూర్చుండి పాతబట్టల పెట్టెను తెరచెను. అందు ఆమె భర్త కట్టి విడిచిన ధోవతులు రెండు, అంగడిలో కొన్న గళ్ల అద్దకపుగుడ్డ ఒకటి ఉండెను. అన్నిటికి అడుగున తెల్లగుడ్డలో చుట్టిన నేరేడుపండు రంగు నూలుచీర యుండెను. దానిని చూడగానే చిన్నదాని కన్నులు చెమర్చెను.

"ఇది మీ అమ్మ చీర, తల్లీ" అని వృద్ధురాలు మెల్లగా పలికెను. "తక్కినవన్నియు అప్పుడే పంచిపెట్టితిమి. మిగిలినది ఇదొక్కటే. మీ అక్క బిడ్డ మొట్టమొదట దీనిపై పరుండవలెనని దాచితిని. జాగ్రత్తగా పని చేయవలెను. పాడైనచో మరియొకటి తెచ్చుకొనుటకు లేదు."

చీరను ప్రక్కన పెట్టి, ఆమె మొదట ధోవతిని చేతికి తీసికొనెను. అంచువద్ద కత్తెరతో చిన్నగాటు పెట్టి, రెండు వైపుల పట్టుకొని ఒక్కసారి లాగెను. చర్రుమను చప్పుడుతో బట్ట ఈ కొననుండి ఆ కొనకు రెండుగా విడిపోయెను. చిన్నది ఉలికిపడెను.

"అమ్మమ్మా! అట్లు చించెదవేమి? గీతగీసి కత్తిరించవలెనని మా బడిలో చెప్పినారు. చించిన బట్ట పాడైపోదా?"

వృద్ధురాలు నవ్వెను. "నీ కత్తెర నీవు చూపిన దారిని పోవును. ఈ చీలిక పోగు చూపిన దారిని పోవును. ఆ గళ్లగుడ్డను నీవు కత్తిరించి చూడుము. ఏది వంకరయో తరువాత మాటాడుకొందము."

చిన్నది అద్దకపుగుడ్డను పరచి, దానిపైనున్న గళ్లగీత వెంబడి మిక్కిలి శ్రద్ధతో కత్తిరించెను. చూచుటకు అది తిన్నగానే యుండెను. తరువాత ఆమె ఆ గీతప్రక్కనే గాటుపెట్టి గుడ్డను చించెను. చీలిక గీతవెంట పోలేదు. గీతనుండి క్రమముగా దూరమై, అవతలి యంచును చేరునప్పటికి రెండు వ్రేళ్ల వెడల్పున తేడా వచ్చెను. చిన్నది నివ్వెరపోయెను.

ఈ వింతకు కారణము నేతలో కలదు. మగ్గముపై పొడవుగా బిగించు పోగులు పడుగు. నాడెతో అడ్డముగా నేయు పోగులు పేక. సాదానేతలో ప్రతి పేకపోగును ఒక పడుగుపోగు మీదుగాను మరియొకదాని క్రిందుగాను సాగిపోవును. మగ్గమునుండి దిగిన బట్టలో ఇవి ఒకదానికొకటి సమకోణమున నుండును. కాని మిల్లులలో బట్టను సాగదీసి ఆరబెట్టునపుడు పేకపోగులు ఒక ప్రక్కకు ఒరుగుట కలదు. అట్టి బట్టపై గళ్లను అద్దినపుడు గళ్లు తిన్నగానే కనబడును. క్రిందనున్న పోగులు మాత్రము ఏటవాలుగా నుండును. అద్దిన గళ్లకును నేసిన గళ్లకును భేదమిదియే. నేసిన గళ్లలో గీతయే పోగు. అద్దిన గళ్లలో గీత వేరు, పోగు వేరు. ఒరిగిన పోగులుగల ముక్కలను బొంతలో కుట్టినచో, ఉతికినపుడు పోగులు తమ స్థానమునకు మరలుటకు యత్నించును. అప్పుడు చదరముగా నున్న బొంత వంకరలు తిరిగి ముడుతలు పడును.

చీలిక పోగువెంటనే పోవుటకును కారణము కలదు. కట్టెలమోపును ఒక్కసారిగా విరుచుట బలవంతునకైనను కష్టము. ఒక్కొక్క కట్టెను విడదీసి విరుచుట బాలునకైనను సులభము. గాటులేని బట్టను లాగినపుడు వందలకొలది పోగులు కలిసి ఆ బలమును భరించును. గాటుపెట్టి చించినపుడు బలమంతయు గాటు కొనయందలి కొద్దిపోగులపైననే పడును. అవి తెగగానే ప్రక్కవానిపై పడును. బట్టను అడ్డముగా చించునపుడు పడుగుపోగులు వరుసగా ఒకటి తరువాత నొకటి తెగుచుండును. చీలిక రెండు పేకపోగుల నడుమ బాటవలె సాగిపోవును. తానునుండి నూలుగుడ్డను అమ్ము వర్తకులు గాటుపెట్టి చించి యిచ్చుటలోని కిటుకు ఇదియే. అట్లు ఇచ్చిన గుడ్డ కొనుగోలుదారునకు పోగు తప్పక వచ్చును.

వృద్ధురాలును చిన్నదియు అద్దకపుగుడ్డ ఎదురెదురు మూలలను పట్టి ఏటవాలుగా మెల్లగా లాగిరి. కొంతసేపటికి ఒరిగిన పోగులు సరిపడెను. కొత్తబట్ట ఉతికినపుడు కుదించుకొనిపోవును. పాతబట్ట అదివరకే కుదించుకొని యుండును. కావున ఆ గుడ్డను తడిపి ఆరవేసిన తరువాతనే వాడవలెనని వృద్ధురాలు చెప్పెను. చిన్నది అట్లే చేసెను.

మరునాడు పైపొరకు చదరపుముక్కలను సిద్ధము చేయవలసి వచ్చెను. బొంత గజము పొడవు, గజము వెడల్పు. వరుసకు తొమ్మిది చొప్పున తొమ్మిది వరుసలు, వెరసి ఎనుబదియొక్క ముక్కలు. కుట్టిన పిమ్మట ఒక్కొక్క ముక్క నాలుగు అంగుళములు కనబడవలెను. కుట్టుకై నాలుగువైపుల పావు అంగుళము విడువవలెను గనుక ముక్క కొలత నాలుగున్నర అంగుళములు. వృద్ధురాలు అలవాటుచొప్పున అద్దకపుగుడ్డను సన్నని పేలికలుగా చించసాగెను. ఈ మారు చిన్నది కొలబద్దను తెచ్చి కొలిచి చూపెను.

"చూడుము, అమ్మమ్మా! లాగిన లాగుడుకు అంచులు అలలవలె సాగిపోయినవి. పోగులు ఊడి వ్రేలాడుచున్నవి. ఈ పేలిక కొలతకంటె అంగుళములో ఎనిమిదవ వంతు ఎక్కువ, ఇదియో, తక్కువ."

"అంత కొంచెమునకు ఏమగును?" అని వృద్ధురాలు తేలికగా పలికెను.

"ఒక ముక్కకు కొంచెమే. తొమ్మిది ముక్కలకును ఎనిమిదవ వంతు చొప్పున పెరిగినచో వరుస అంగుళమునకు పైగా పెరుగును. మరియొక వరుస తగ్గును. అప్పుడు మూలకు మూల ఎట్లు కలియును?"

వృద్ధురాలు పేలికను కంటికి దగ్గరగా పెట్టుకొని చూచెను. ఆమె చూపు మందగించి కొన్ని సంవత్సరములయ్యెను. చేతితో తడిమి అంచు సాగినమాట నిజమేయని గ్రహించి, "చిన్నముక్కలకు నీ కత్తెరయే మేలు, తల్లీ. చించుట పెద్దపొరలకు చాలును" అని ఒప్పుకొనెను. వెడల్పైన పొరలో అంచునందలి పావు అంగుళము చెడినను కుట్టులోనికి పోవును. నాలుగంగుళముల ముక్కలో అది లెక్కకు వచ్చును. ఆ దినమున ఒకరు పెద్దబట్టలను చించి పోగు సరిచూచి యిచ్చుచుండగా, మరియొకరు ఇస్త్రీచేసి, అట్టముక్కను ఆనించి గీతగీసి కత్తిరించుచుండిరి.

మూడవనాడు తల్లిచీర వంతు వచ్చెను. వృద్ధురాలు దానిని ఒడిలో పెట్టుకొని చాలసేపు మాటాడక కూర్చుండెను. తుదకు కత్తెరతో అంచున గాటుపెట్టి, చించుటకు రెండు చేతులతో పట్టుకొనెను. చేతులు కొంచెము వణకెను.

"ఆగుము, అమ్మమ్మా!" అని చిన్నది ఆ చేతులను పట్టుకొనెను. "ముందు వెలుగునకు పట్టి చూతము."

ఇద్దరును చీరను విప్పి యెండవైపు ఎత్తి పట్టిరి. పమిటవైపు రెండు గజములు గట్టిగానే యుండెను. అచటినుండి లోనికి పోవుకొలది బట్ట జల్లెడవలె పలుచబడి, సూర్యకాంతి చుక్కలు చుక్కలుగా కనబడుచుండెను. కూర్చుండునపుడు, పనిచేయునపుడు రాపిడికి లోనైన భాగమది. వృద్ధురాలి కన్నులకు ఇది కనబడలేదు. అంచున ఆమె పెట్టిన గాటు ఆ పలుచని భాగమునకు జానెడు దూరముననే యుండెను.

జీర్ణించిన బట్టలో చీలికను నమ్మరాదు. గట్టిబట్టలో పోగులన్నియు ఇంచుమించు సమానబలము కలవి గనుక చీలిక దారి తప్పదు. జీర్ణించిన చోట పోగులు బలహీనములై యుండును. చీలిక బలహీనమైన వైపునకు మళ్లును. అడ్డముగా మొదలైనది నిలువునకు తిరిగి పమిటవరకును పోవచ్చును. కత్తిరించిన తప్పును కత్తెర ఆపి ఆపవచ్చును. చీలిక పరుగెత్తుచున్నపుడు ఆపుట కష్టము.

"మరి గీతగీసి కత్తిరించెదవా?" అని వృద్ధురాలు అడిగెను.

"గీత వంకర కావచ్చునని నీవే చూపితివి కదా! ఒక పోగును లాగి, అది పోయిన దారిని కత్తిరించెదను."

వృద్ధురాలు ఏమియు పలుకక చీరను ఆమె ఒడిలో నుంచెను.

చిన్నది గాటువద్ద ఒక పేకపోగును సూదిమొనతో పైకిలేపి, మెల్లగా లాగెను. బట్ట కుచ్చువలె ముడుచుకొనెను. ఆమె ముడుతలను వ్రేలితో సవరించుచు, మరికొంత లాగెను. పోగు జానెడు దూరము వచ్చి తెగెను. తెగినచోట దాని కొనను సూదితో వెదకి పట్టుకొని మరల లాగెను. పోగు పోయినచోట బట్టలో సన్నని గీత యేర్పడుచుండెను. ఆ గీతవెంట కత్తెర నడపెను. మధ్యాహ్నభోజనమునకు పిలిచినను లేవలేదు. ఒక్క చీర వెడల్పును దాటుటకు సాయంకాలమయ్యెను. తుదిపోగు తెగి గట్టిభాగము వేరైనపుడు వృద్ధురాలు దానిని మడిచి అంచుకు అంచు చేర్చి చూచెను. నాలుగు మూలలును కలిసెను.

పలుచని భాగమును వారు పారవేయలేదు. దానిని రెండు ధోవతిపొరల నడుమ పరచి బొంతలో చేర్చిరి. చీర అంచును వేరుచేసి బొంత చుట్టును మడిచి కుట్టిరి. లాగిన పోగులలో గట్టివానిని ఏరి, రెండు మూడింటిని కలిపి పేని, వృద్ధురాలు దారముగా చేసెను. బంగాళపు స్త్రీలును పూర్వము కాంథాలు కుట్టుటకు పాతచీరల అంచులనుండియే పోగులు తీసెడివారు. ఆ దారముతో బొంత నడుమ నేరేడురంగు వరుసకుట్టు ఒకటి వేసిరి.

దీనినిబట్టి, చించుట గొప్పదియా, కత్తిరించుట గొప్పదియా యను ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదని తెలియుచున్నది. బిగువుగా నేసిన సాదానూలుబట్టను పెద్దపొరలుగా చేయునపుడు చించుట తగును. అది త్వరగా నగును, పోగు తప్పదు. పలుచని నేతలో పోగులు జరిగి గుంపుగూడి బలమును పంచుకొనును గనుక చీలిక మొండికెత్తును. ఏటవాలు నేతగల జీనుగుడ్డయు సులభముగా చినుగదు. బనీనుగుడ్డకు పడుగు పేకలే లేవు, అది అల్లిక. వీనిని కత్తిరింపవలెను. చిన్నముక్కలకును, వంపులకును కత్తెర తప్పదు. 1979లో జపానుదేశపు ఓల్ఫా సంస్థవారు చక్రమువలె దొర్లు కత్తిని వెలువరించిరి. దానితో పెక్కుపొరలను ఒక్కసారి తిన్నగా కోయవచ్చును. అయినను పోగు ఎటు పోవుచున్నదో చూచుట ఆ కత్తి పని కాదు; కోయువారి పని. జీర్ణించిన బట్టకును, మరల దొరకని బట్టకును పోగులాగి కత్తిరించుటయే ఉత్తమము.

అమ్మమ్మకు పోగుయొక్క స్వభావము తెలియును. మనుమరాలికి కొలతయొక్క విలువ తెలియును. ఒకరి మాట నొకరు ఆలకించుటచేతనే ఆ చీర దక్కెను.

శ్రావణమాసమున పెద్దమనుమరాలు ఆడుబిడ్డను కనెను. పురిటిస్నానమైన నాడు వృద్ధురాలు బిడ్డను పొత్తిళ్లతో సహా తెచ్చి బొంతపై పరుండబెట్టెను. బాలింతరాలు వంగి, నేరేడురంగు ముక్కలను గుర్తుపట్టి, చెల్లెలివైపు చూచెను. చిన్నది మాటాడలేదు. బొంత మూలను పట్టుకొని, అంచు తిన్నగా నున్నదో లేదో మరియొకసారి సవరించెను.